బ్రిటిష్ కౌన్సిల్ లర్న్‌ఇంగ్లిష్ కండిషనల్స్ పేజీ: మనవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఉచితం. స్థాయి బీ1-బీ2, అంటే మధ్యస్థాయి. కండిషనల్స్ అంటే 'ఇలా అయితే అలా' అని చెప్పే ఇఫ్ వాక్యాలు. జీరో (ఎప్పుడూ నిజమయ్యేవి), ఫస్ట్ (ముందు జరగగలిగేవి), సెకండ్ (ఊహించుకునేవి) మూడూ ఒకే పేజీలో పెట్టారు. వివరణ పొట్టిగా, సూటిగా ఉంది: ఎప్పుడూ నిజమయ్యే విషయానికి ఇఫ్ వైపూ, ఫలితం వైపూ సింపుల్ ప్రెజెంటే. కింద అభ్యాసాలున్నాయి.

తెలుగువాళ్లు తప్పు చేసే చోటు మాత్రం ఇందులో దొరకదు. 'నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి', 'రేపు వానొస్తే మ్యాచ్ ఆగుతుంది': రెండిట్లోనూ మన క్రియ ఒకే రూపం. అలవాటుకీ, భవిష్యత్తుకీ మనకు వేరే రూపాల్లేవు. అందుకే 'ఇఫ్ యూ యాడ్ లెమన్ టు హాట్ మిల్క్, ఇట్ విల్ కర్డిల్' అనేస్తాం. తప్పని కాదు గానీ, అది ఈ గిన్నెలో పాల గురించి చెప్పినట్టుంటుంది. ఏ పాలకైనా వర్తించాలంటే 'ఇట్ కర్డిల్స్'. చివరి 'స్' మింగేస్తే మాత్రం తప్పే. ఇఫ్ పక్కనే విల్ పెట్టడం ('ఇఫ్ యూ విల్ యాడ్') అంతకన్నా పెద్ద తప్పు.

పరీక్ష ఒకటుంది: ఇఫ్ తీసి వెన్ పెట్టండి. అర్థం మారకపోతే జీరోయే. 'వెన్ ఇట్ రెయిన్స్ టుమారో' అంటే వాన ఖాయమైపోయినట్టే, అర్థం మారింది కాబట్టి ఆ వాన వాక్యం ఫస్ట్.

కామా సంగతి: ఇఫ్ ముందొస్తే పెట్టాలి, వెనకొస్తే అక్కర్లేదు.

పదో తరగతి దాటినవాళ్లకు సరిపోతుంది. మొదలుపెట్టేవాళ్లు ముందు సింపుల్ ప్రెజెంట్ గట్టి చేసుకుని రావాలి. మూడూ ఒకే రోజు చదవకండి, కలగాపులగమవుతుంది.