‘బ్రైట్ యంగ్ థింగ్స్’: విందులు బాగున్నాయి, ముగింపే మింగుడుపడదు

స్టీఫెన్ ఫ్రై తొలిసారి దర్శకత్వం వహించిన ఈ సినిమా 2003లో వచ్చింది. ఈవ్లిన్ వా 1930లో అచ్చు వేయించిన ‘వైల్ బాడీస్’ నవల దీనికి ఆధారం. నవల నాకు ప్రాణం, అందుకే సినిమాను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూశాను. ప్రతిసారీ మొదటి సగం కట్టిపడేస్తుంది, చివరికొచ్చేసరికి మనసు విరిగిపోతుంది.

కథ రెండు ప్రపంచయుద్ధాల మధ్య లండన్‌లో మొదలవుతుంది. అప్పట్లో కలవారి పిల్లలు నిజంగానే ఇలా విందుల్లో మునిగి బతికారు. 1928లో ఈత కొలను దగ్గర విందు, మరుసటి ఏడాది పసిపిల్లల వేషాలతో ఇంకో విందు. తెల్లారితే అవన్నీ పత్రికలకు మేత. ఆ పత్రికల ఆకలిని సినిమా బాగా పట్టుకుంది. జేమ్స్ మెకవాయ్ వేసిన సైమన్ బాల్కెయిర్న్ తన స్నేహితుల గుట్టే పత్రికకు రాసి పొట్టపోసుకునే ప్రభువు. విందు నుంచి గెంటేస్తే, పచ్చి అబద్ధాలను ఫోన్‌లో చెప్పి రాయించి, ఆ రాత్రే ప్రాణం తీసుకుంటాడు. ఎన్నిసార్లు చూసినా గుండె పట్టేస్తుంది. ఆ ముఠాలోని అగాథాగా ఫెనెల్లా వూల్గర్ కూడా అద్భుతం.

చిక్కంతా పెళ్లాడాలనుకునే కథానాయక జంట ఆడమ్, నీనాల దగ్గరే. నవలలో వాళ్లు పెళ్లి కుదిరిందనీ, లేదనీ ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పుకుని పెట్టేస్తారు. పైకి ఏ బాధా కనిపించదు, చదివేవాళ్లకే వణుకు పుడుతుంది. 1929లో ఈ నవల రాస్తుండగానే వా భార్య ఆయన్ని వదిలి వెళ్లిపోయింది. సగం నుంచి పుస్తకం చీకటిగా మారడానికి అదొక కారణం. సినిమాలో ఆ చల్లదనం లేదు. ఆరాటపు చూపులూ, తీయని సంగీతమూ వచ్చి కూర్చున్నాయి.

ఇక ముగింపు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా దరిదాపుల్లో లేనప్పుడే వా ఒక మహాయుద్ధాన్ని ఊహించి, ఆడమ్‌ను పాడుబడ్డ రణరంగంలో వదిలేశాడు. ఆడమ్‌ను కాదని డబ్బున్న జింజర్‌ను పెళ్లాడిన నీనా అతని భార్యగానే మిగిలిపోయింది. ఫ్రై దాన్ని నిజమైన యుద్ధంగా మార్చి, ఆడమ్‌ను లండన్‌కు రప్పించి, జింజర్‌కు డబ్బు కట్టించి నీనాను ఆడమ్‌కే దక్కించాడు. హోటల్ బాకీ కోసం ఒకప్పుడు తానే అమ్మేసిన మనిషిని తిరిగి కొనుక్కోవడం ప్రేమ గెలుపు ఎలా అవుతుంది? నవల ఎవరినైతే క్షమించలేదో, వాళ్లందరినీ సినిమా ఓదార్చి ఇంటికి పంపేసింది. దర్శకుడికి ఆ పిల్లల మీద ఉన్న ముద్దు కథను చంపేసింది. పైగా ఏళ్లు గడిచాయని వాళ్ల ముఖాల్లో ఎక్కడా తెలియదు.

నవల చదవనివాళ్లు ముందు అదే చదవండి. సినిమా చూడాలనిపిస్తే బాల్కెయిర్న్ కోసం, నీనా తండ్రిగా కాసేపే కనిపించే పీటర్ ఓటూల్ కోసం చూడండి. యుద్ధం మొదలయ్యాక ఆపేసినా నష్టం లేదు.