క్లింగ్ ర్యాప్ కోత పెట్టె: మూడు నెలలు వాడిన తరువాత

వేసవి వస్తే మా ఇంటి ఫ్రిజ్‌లో సగం చోటు మామిడిపండ్లదే. చిత్తూరు వైపు తోటల నుంచి తిరుపతికి వచ్చే బేనీషా పండు పెద్దది కావడంతో, కోసినది ఒక పూటలో అయిపోదు. మిగిలిన చెక్కను కప్పకుండా పెడితే తెల్లారేసరికి పాలు కూడా మామిడి వాసన కొడతాయి. తినే వాటిని కప్పడానికి వాడే, అతుక్కునే పలుచని ప్లాస్టిక్ ఫిల్ము, అంటే క్లింగ్ ర్యాప్, మా వంటింట్లోకి వచ్చింది అందుకే. కానీ చుట్ట నుంచి ఒక అడుగు ఫిల్మును ముడతలు పడకుండా తీయడం మా అత్తమ్మకు ఏనాడూ కుదరలేదు. ఒక సాయంత్రం నాలుగు ముక్కలు వరుసగా ఉండలు చుట్టుకుపోయేసరికి, "ఈ కాగితంతో నా వల్ల కాదు మే, మూత ఉండే గిన్నె ఇయ్యి" అని పక్కన పెట్టేశారు. ఆ మరుసటి వారమే గాంధీ రోడ్డులోని ఒక పాత్రల అంగడిలో 380 రూపాయలు పెట్టి ఈ కోత పెట్టెను కొన్నాను.

పొడవాటి ప్లాస్టిక్ పెట్టె, లోపల 30 సెంటీమీటర్ల వెడల్పున్న చుట్ట, పైన గాడిలో అటూ ఇటూ జరిగే చిన్న కత్తి, ఆ గాడికి రెండు వైపులా రబ్బరు పట్టీలు. ఇంతే దీని నిర్మాణం. అసలు పని చేసేది కత్తి కాదు, ఆ పట్టీలు. ఈ ఫిల్ము మందం సుమారు పది మైక్రాన్లు, అంటే తల వెంట్రుకకంటే ఎన్నో రెట్లు పలుచన. చుట్ట నుంచి ఊడి వచ్చేటప్పుడు దానిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. దానికి తోడు అది మెత్తగా ఉండి ఏ నున్నని తలానికైనా ఒదిగిపోతుంది కనుక, కాస్త వదులు దొరికితే చాలు, తన మీదే తాను పడి అతుక్కుంటుంది. చుట్టతో పాటు వచ్చే అట్టపెట్టె రంపపు పళ్ల మీద లాగినప్పుడు ఫిల్ము తెగడానికి ముందు సాగుతుంది, తెగిన వెంటనే వెనక్కి ముడుచుకుంటుంది. ఈ పెట్టెలో మాత్రం రెండు పట్టీల మధ్య బిగువుగా నిలిచిన చోటనే కత్తి నడుస్తుంది కాబట్టి, అంచు గీత గీసినట్టు తిన్నగా వస్తుంది.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది కోత తరువాత జరిగే సంగతి. మిగిలిన కొస ముందు పట్టీ మీదనే అంటుకుని, మరుసటి సారికి చేతికి అందేలా ఉంటుంది. ఇదివరకు ఆ కొస చుట్టలోకి కలిసిపోయేది. దీపం వెలుతురులో చుట్టను తిప్పుతూ గోటితో గీకి వెతికితే, దొరికినది సన్నని పీలికగా నిలువునా చీలిపోయేది. అలా జరిగినప్పుడు చుట్ట మీద సెల్లోటేపు ముక్కను అంటించి లాగడమే మేలైన ఉపాయం. మూడు నెలలుగా ఆ అవసరం రాలేదు.

లోపాలు లేకపోలేదు. అడుగున ఉన్న రబ్బరు కప్పులు తుడిచిన గ్రానైటు గట్టు మీద గట్టిగా పట్టుకుంటాయి గాని, నూనె జిడ్డు ఉంటే క్షణంలో జారిపోతాయి. మా ఇంట్లో పోపు పెట్టే మూలకు దూరంగా దీనికి చోటు చూడవలసి వచ్చింది. పొదుపని 100 మీటర్ల చుట్టను తెస్తే లావు ఎక్కువై మూత పడలేదు. గాడిలో ఫిల్ము తుంపులు చేరి రెండో నెలలో కత్తి మొరాయించింది, పాత పళ్ల బ్రష్షుతో దులిపితే మళ్లీ నడిచింది.

చుట్టను ఫ్రీజర్‌లో పెట్టి వాడమని చాలామంది చెబుతారు. చల్లబడితే జిగట తగ్గడం నిజమే, నేనూ చేసి చూశాను. కానీ మే నెల తిరుపతి ఎండలో బయటికి తీసిన కాసేపటికే మునుపటిలా అయిపోతుంది, పైగా అట్టపెట్టె చెమ్మగిల్లి మెత్తబడుతుంది. వారానికి ఒకసారి వాడేవారు ఏమీ కొననక్కరలేదు. అట్టపెట్టె రెండు చివర్లా లోపలికి నొక్కే చిన్న రెక్కలు ఉంటే, వాటిని నొక్కండి. చుట్ట బయటికి దూకకుండా అవి పట్టుకుంటాయి.

ఏ పెట్టె కొన్నా ఫిల్ము గుణం మారదు. గాజుకు, పింగాణీకి పట్టినంత బాగా స్టీలుకు పట్టదు, అంచు తడిగా ఉంటే అసలే పట్టదు. మన ఇళ్లలో గిన్నెలన్నీ స్టీలువే గనుక ఇది చిన్న విషయం కాదు, పెరుగుకు స్టీలు మూతే నయం. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము బాగా అతుక్కుంటుంది, పాలిథిన్‌ది కొంత తక్కువ. ఈ కత్తి రెండింటినీ కోసింది. అయితే పీవీసీని మెత్తబరిచే పదార్థాలు కొవ్వులోకి దిగుతాయి కాబట్టి నెయ్యికి, ఊరగాయకు, నూనె తేలే ఊరుబిండి పచ్చడికి దాన్ని తాకించను. కొండ మీద ప్లాస్టిక్ నిషేధం ఉంది గనుక తిరుమలకు పులిహోర కట్టేటప్పుడు కూడా దీని జోలికి పోము.

రోజూ వాడే ఇంటికి ఇది 380 రూపాయలకు తగిన వస్తువేనని నా అభిప్రాయం. ఇప్పుడు అత్తమ్మ ఎవరినీ పిలవకుండా మామిడి చెక్కను తామే చుట్టి పెడుతున్నారు. కొనబోయేవారు మీరు వాడే చుట్టనే సంచిలో వేసుకుని వెళ్లి, అంగట్లోనే పెట్టెలో అమర్చి, మూత పూర్తిగా పడిందో లేదో చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.