స్కిమ్‌బోర్డుకి ఏ బీచ్ మేలు: వైజాగా, సూర్యలంకా, మంగినపూడా?

తేల్చి చెప్పమంటే ముందే చెప్పేస్తా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సూర్యలంక. కాస్త పట్టు చిక్కాక కెరటం మీదకి ఎక్కాలనిపిస్తే వైజాగ్, అందులోనూ ముందు భీమిలి, తర్వాత రుషికొండ. మంగినపూడి పేరు చాలామంది చెప్తారు గానీ నా లెక్కలో అది మూడోదే, ఎందుకో కింద చెప్తా. వైజాగ్‌లోనే ఉన్న యారాడ బీచ్ చూడ్డానికి ఎంత బాగుంటుందో ఈ ఆటకి అంత డేంజర్. బీచ్ అందానికీ స్కిమ్‌బోర్డుకీ అసలు సంబంధమే లేదండీ, ఫొటోల్లో బాగుందని బోర్డేసుకుని వెళ్ళి ఒడ్డున కూర్చుని మొక్కజొన్న కండె తినేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సర్ఫింగ్‌లో బోర్డు మీద పడుకుని లోపలికి వెళ్ళి కెరటం పట్టుకుని ఒడ్డుకొస్తారు, స్కిమ్‌లో మొదలయ్యేదే ఒడ్డు మీద. కెరటం వచ్చి వెనక్కి పోయేటప్పుడు ఇసుక మీద పల్చగా ఒక నీటి పొర మిగులుతుంది కదా, దాని మీదకి బోర్డుని బాగా కిందకి వంగి పక్కగా జారవిడిచి, అది ఆగిపోకముందే పరిగెత్తి పైకి ఎక్కాలి. ఎగిరి దూకకూడదు, పరుగులో అడుగేసినట్టే వెయ్యాలి, దూకితే బోర్డు ముందుకి పోతుంది మనం వెనక్కి పడతాం. 1920ల్లో కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌లో లైఫ్‌గార్డులు చెక్క పలకలతో మొదలెట్టారీ ఆట. ఇప్పుడు ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి ఫ్లాట్, అంటే ఒడ్డు వెంబడి ఆ పల్చటి నీళ్ళలోనే జారుకుంటూ పోవడం, తిప్పడం, ట్రిక్కులు చెయ్యడం. రెండోది వేవ్, ఒడ్డు నుంచి సముద్రం వైపు జారుకుంటూ వెళ్ళి, ఒడ్డు దగ్గర విరిగే కెరటాన్ని ఢీకొని దాని మీద మలుపు తీసుకుని తిరిగి రావడం.

ఏది మేలు అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఫ్లాట్‌కి వాలు తక్కువ ఉన్న, వెడల్పైన, మెత్తటి సన్న ఇసుక బీచ్ కావాలి. వేవ్‌కి దానికి పూర్తిగా వ్యతిరేకం, వాలు ఎక్కువుండి కెరటం సరిగ్గా ఒడ్డు మీదకి వచ్చి విరగాలి. రెండూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. ఇంకో విషయం ఏంటంటే ఇసుక ఎంత బరకగా ఉంటే బీచ్ వాలు అంత ఎక్కువుంటుంది, సన్నగా ఉంటే బల్లపరుపుగా పరుచుకుంటుంది, ఎందుకంటే బరక ఇసుకలో నీళ్ళు వెంటనే ఇంకిపోతాయి, వెనక్కి పోయే నీళ్ళకి ఇసుకని లాక్కెళ్ళే బలం ఉండదు, దాంతో అది పైనే పేరుకుపోతుంది. కాబట్టి చేతిలోకి ఇసుక తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూస్తేనే ఆ బీచ్ మీకు పనికొస్తుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకో టెస్ట్ ఉంది, ఇది ఏ బీచ్‌కి వెళ్ళినా ముందు చెయ్యండి. కెరటం తగ్గిన వెంటనే తడి ఇసుక మీద మడమతో గట్టిగా ఒక్క నొక్కు నొక్కండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లగా ఆరిపోయినట్టు కనిపించి మళ్ళీ తడి అయ్యి, మడమ గుర్తు పైపైన మాత్రమే పడితే అది గట్టి ఇసుక, బోర్డు పరిగెడుతుంది. పాదం జారి లోపలికి దిగబడి, తీసేటప్పుడు చుట్టూ ఇసుక కూలిపోతే అక్కడ వద్దు, బోర్డు ముందు అంచు గుచ్చుకుంటుంది, మీరు ముందుకి పడతారు, మణికట్టు విరిగేది ఎక్కువగా ఇలాగే.

ఇప్పుడు సూర్యలంక. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, బాపట్ల విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది కాబట్టి రైలు దిగి ఆటో ఎక్కితే చాలు, హైదరాబాద్ నుంచైనా రాత్రి బండెక్కితే పొద్దున్నే నీళ్ళ దగ్గరుంటారు. ఇక్కడ లోతు చాలా మెల్లగా పెరుగుతుంది, కెరటం ఎక్కడో దూరంగా విరిగి, నురుగై, బలం తగ్గి ఒడ్డుకొచ్చేసరికి దుప్పటి పరిచినట్టు పరుచుకుంటుంది. ఆ పరుచుకోవడమే మనకి కావాల్సింది. నీళ్ళ పొర ఎక్కువసేపు నిలబడుతుంది, బోర్డు వెయ్యడం ఒకటి తప్పినా వెంటనే ఇంకోటి వెయ్యొచ్చు, పరిగెత్తడానికి చోటు ఉంటుంది, పడినా మోకాలు చెక్కుకుపోవడం తప్ప పెద్ద దెబ్బ తగలదు. నేర్చుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి. మైనస్ ఏంటంటే జనం. ఆదివారాలు, కార్తీక మాసం అయితే బోర్డు వేసే చోటు దొరకదు, చిన్నపిల్లల కాళ్ళకి బోర్డు అంచు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మెయిన్ ఎంట్రీ దగ్గర ఆగకుండా ఒడ్డు వెంబడే కాసేపు నడిచి వెళ్ళండి, రద్దీ బాగా తగ్గిపోతుంది. అయితే అలా వెళ్ళినప్పుడు వల తాళ్ళు, గవ్వ ముక్కలు, సీసా పెంకులు చూసుకోవాలి, పరిగెత్తాల్సిన దారి మొత్తం ఒకసారి నడిచి ఏరేసుకుంటే ఐదు నిమిషాల పని.

చీరాల వైపు వాడరేవు, రామాపురం కూడా దాదాపు ఇదే ఒడ్డు. వాడరేవులో బోట్లు, వలలు ఉంటాయి, అది వాళ్ళ పని చేసుకునే చోటు కాబట్టి వాళ్ళు వల లాగేటప్పుడు పక్కకి తప్పుకోవడం మర్యాద. రామాపురంలో రిసార్టులున్నాయి కాబట్టి ఫ్యామిలీతో వెళ్తే సుఖం, గేమ్ పరంగా సూర్యలంకకీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

వైజాగ్ కథ వేరు. ఇక్కడ కొండలు సముద్రంలోకి చొచ్చుకొస్తాయి, మధ్య మధ్యలో చిన్న చిన్న బీచ్‌లు, వాలు ఎక్కువ, అడుగున అక్కడక్కడా రాళ్ళు. ఆర్కే బీచ్‌నే తీసుకోండి, పేరుకి అంత పెద్ద బీచ్, నా దృష్టిలో స్కిమ్‌కి వైజాగ్‌లో యారాడ తర్వాత వరస్ట్ అదే. కారణం ఉంది. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది, పోర్టు ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు, అంటే కెరటాల్ని ఆపే రాళ్ళ గోడలు, కట్టాక ఆ ఇసుక అక్కడే ఆగిపోతోంది, ఇవతల ఆర్కే బీచ్ కోసుకుపోతోంది. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకని తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఒడ్డు ఎలా తయారైందో వైజాగ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అలా పోసిన ఇసుకని సముద్రం ఎప్పుడు ఎలా సర్దుతుందో చెప్పలేం, ఒక నెల బాగున్న చోట వచ్చే నెలకి మోకాలెత్తు గట్టు ఉంటుంది, ఆ గట్టు మీద నుంచి బోర్డు ఎలా వేస్తారు? పైగా లోపలికి లాగే ప్రవాహాలు, సాయంత్రం అయితే ఊరంతా అక్కడే.

రుషికొండ దానికంటే చాలా నయం. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, లైఫ్‌గార్డులున్నారు, ఈతకి హద్దులు పెట్టి ఉంటాయి. బోర్డుతో దిగేముందు లైఫ్‌గార్డుని అడిగి, జనం స్నానాలు చేసే భాగానికి దూరంగా ఉండండి, వాళ్ళు వద్దంటే వద్దు అంతే. పోటు, అంటే సముద్రం నీళ్ళు పెరగడం, సగం దాటాక కెరటం ఒడ్డు దగ్గరగా విరుగుతుంది, వేవ్ స్కిమ్‌కి అదే టైమ్. అయితే ఆ విరిగే కెరటం మిమ్మల్ని ఎత్తి నేరుగా తడి ఇసుక మీదే కొడుతుంది, కింద నీళ్ళు అరడుగు కూడా ఉండవు, తల ముందు పెట్టి దూకడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, మెడకి తగిలితే జీవితాంతం బాధ. సూర్యలంకలో కనీసం ఆగకుండా పదిసార్లు జారడం రాకుండా ఇక్కడ కెరటం వైపు బోర్డు తిప్పొద్దని నా సలహా.

రుషికొండ దాటి బీచ్ రోడ్డు మీద ముందుకెళ్తే తొట్లకొండ కింద మంగమారిపేట. సహజ శిలాతోరణం ఉన్న చోటు, పాటు వేళ నీళ్ళు బాగా తగ్గినప్పుడు రాళ్ళు బయటపడి వాటి గుంటల్లో పీతలూ చిన్న చేపలూ కనిపిస్తాయి, పిల్లల్ని తీసుకెళ్ళడానికి సూపర్. బోర్డు మాత్రం డిక్కీలోనే ఉంచండి.

భీమిలి నా ఫేవరెట్, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా. గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ ఇక్కడే, మొగ దగ్గర ఇసుక దిబ్బ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, ఒక వైపు సముద్రం, ఇంకో వైపు పల్చటి నది నీళ్ళు. నది వైపు నీళ్ళు కదలకుండా ఉన్న చోట ఫ్లాట్ ప్రాక్టీస్ చెయ్యొచ్చు, కెరటం కోసం ఆగక్కర్లేదు, వరసగా ఎన్నిసార్లయినా వెయ్యొచ్చు, సముద్రం వైపు రుషికొండ కంటే మెత్తటి కెరటం. అంటే ఒకేచోట రెండూ దొరకడం అరుదు అన్నాను కదా, ఆ అరుదైన చోటుకి దగ్గరగా వచ్చేది ఇదే. ఒక్క షరతు, సరిగ్గా మొగలోకి దిగొద్దు, పాటు వేళ నది నీళ్ళన్నీ ఆ సందులోంచే సముద్రంలోకి పోతాయి, నడుము లోతులో కూడా నిలబడలేరు. వానాకాలంలో అయితే ఆ దరిదాపులకే వద్దు.

ఈ ఒడ్డులో ఇంకో గుర్తు ఉంది. విశాఖ–భీమిలి ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలుంటాయి, అందుకే నల్లటి చారలు, అక్కడక్కడా ఎర్రటి మెరుపు. మామూలుగా ఆ చారలు సన్నగా ఉంటాయి, ఒకరోజు వెళ్ళేసరికి ఒడ్డు మీద నల్లటి పట్టీలు మందంగా పరుచుకుని ఉన్నాయంటే, సముద్రం ఈమధ్యే తేలిక ఇసుకని కోసుకుపోయి బరువైనది మిగిల్చిందని అర్థం. అలాంటప్పుడు వాలు మారిపోయి ఉంటుంది, పోయినసారి ఆడిన చోటే కదా అని నమ్మి పరిగెత్తకండి, ముందు నడిచి చూడండి.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడికి వస్తే, లోతు తక్కువ, కెరటం చిన్నది, కాగితం మీద చూస్తే సూర్యలంకకి గట్టి పోటీ. కానీ ఇక్కడ ఒడ్డు నల్లమట్టి కలిసినది. మట్టి మీద నీళ్ళుంటే కాలు జారుతుంది, బోర్డు మాత్రం అంటుకుంటుంది, రెండూ ఉల్టా. పరుగులో పట్టు దొరకదు, ఎక్కాక వేగం చచ్చిపోతుంది. స్నానానికీ సరదాకీ ఓకే, విజయవాడ నుంచి ప్రత్యేకంగా బోర్డేసుకుని వెళ్తే మాత్రం నిరాశే, అదే పెట్రోలుకి బాపట్ల వెళ్ళిపోవచ్చు.

కాకినాడ వాళ్ళు అడుగుతారని చెప్తున్నా. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటం వల్ల లోపలి వైపు కెరటమే ఉండదు, బురద ఎక్కువ. ఉప్పాడ వైపు ఉల్టా, తుఫాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డునే కొట్టుకుపోయే సముద్రం అది, రక్షణకి వేసిన రాళ్ళ మధ్య జారడానికి ఇసుకే లేదు. రెండూ వద్దు.

ఇక టైమింగ్. నిజం చెప్పాలంటే తప్పు టైమ్‌లో సూర్యలంక కంటే సరైన టైమ్‌లో ఓ మాదిరి బీచే నయం. అమావాస్యకీ పున్నమికీ ఆ తర్వాత ఒకట్రెండు రోజులు పోటుపాట్ల తేడా ఎక్కువ, వైజాగ్‌లో అది సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది, అష్టమి దగ్గర బాగా తక్కువ. అంటే గోడకున్న క్యాలెండర్లో తిథి చూసుకున్నా సగం ప్లాన్ అయిపోయినట్టే. ఫ్లాట్‌కి పాటు వేళ, ముఖ్యంగా నీళ్ళు తగ్గుతున్నప్పుడు, వెడల్పైన తడి ఇసుక బయటపడుతుంది కాబట్టి. వేవ్‌కి సగం పోటు నుంచి నిండు పోటు దాకా. పాటు సమయం రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ఈ శనివారం పొద్దున ఆరింటికి ఉంది కదా అని వచ్చే శనివారం అదే టైమ్‌కి వెళ్తే దాదాపు నిండు పోటు ఎదురవుతుంది. చిక్కేంటంటే పున్నమి పాటు బాగుంటుంది, కానీ కార్తీక పున్నమికి సూర్యలంకలో విపరీతంగా జనం ఉంటారు, అప్పుడు రెండు రోజులు ఆగి వెళ్ళండి, పాటు ఇంకా బాగానే ఉంటుంది, జనం ఉండరు.

సీజన్ విషయానికొస్తే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్, పొద్దున్నే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్ళు నున్నగా ఉంటాయి. మార్చి నుంచి మే దాకా కూడా ఆడొచ్చు కానీ మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి మొదలై అంతా చిందరవందర, తొమ్మిది లోపే ముగించుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వైజాగ్ వైపు వేవ్ జోలికి వెళ్ళొద్దు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు, ఆకాశం నీలంగా ఉన్నా ఎక్కడో దూరంగా పుట్టిన కెరటాలు సడెన్‌గా పెరుగుతాయి. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు కెరటాల ఎత్తు, పోటుపాట్ల అంచనాలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంటారు, మత్స్యకారులు చూసేది అవే, బయల్దేరేముందు మీరూ చూడండి.

బోర్డు కూడా బీచ్‌ని బట్టే. ఫ్లాట్‌కి చెక్క బోర్డు చాలు, ఫోమ్ మీద ఫైబర్‌గ్లాస్ వేసినవి వేవ్‌కి, అవి తేలిక, నీళ్ళలో తేలతాయి, రేటు కూడా బాగానే ఉంటుంది. సూర్యలంకకి వెళ్ళేవాళ్ళు అంత ఖర్చు పెట్టక్కర్లేదు, మీ వీధిలో వడ్రంగి దగ్గర మంచి మెరైన్ ప్లైతో గుండ్రంగా కోయించి, ముందు భాగం కొద్దిగా పైకి వంచమని చెప్పి, అడుగున సన్‌మైకా అంటించి, అంచులు నున్నగా రుద్దించి వార్నిష్ వేయిస్తే సీజన్ మొత్తం గడిచిపోతుంది. ముందు భాగం వంచడం మాత్రం తప్పనిసరి, బల్లపరుపుగా వదిలేస్తే మొదటి చిన్న గుంతకే గుచ్చుకుంటుంది. బీచ్ షాపుల్లో అమ్మే థర్మోకోల్ బాడీబోర్డు మాత్రం కొనకండి, అది తేలడానికి చేసింది, ఆ పల్చటి నీళ్ళలో ఇసుకకి రాసుకుని ఆగిపోతుంది.