హనోయి పాతబస్తీలో భుజాన బ్యాగుతో

వియత్నాం రాజధాని హనోయిలో ఎక్కడ దిగాలన్న దాని మీద నాకూ మావాడికీ టికెట్లు తీసుకున్న రోజే వాదన మొదలైంది. ఖర్చు దగ్గర ఇద్దరం ఒకటే, నిద్ర దగ్గరే తేడా. వాడికి తా హియెన్ వీధిలో, బీరు బల్లల నడుమ హాస్టల్ కావాలి. నాకు రాత్రి కాస్త నిశ్శబ్దం కావాలి. చివరికి రెండు రకాలూ చూశాం. నా మాట అడిగితే పాతబస్తీలోనే దిగండి, కానీ తా హియెన్‌కి నాలుగైదు సందుల అవతల.

తా హియెన్ దగ్గరి హాస్టల్‌లో సౌకర్యాలకు వంక పెట్టలేం. డార్మ్‌లో మంచానికో తెర, లాకర్, చల్లటి ఏసీ అన్నీ ఉన్నాయి. కింద పాటలు మాత్రం అర్ధరాత్రి దాటినా ఆగవు. అది వాడికి నచ్చింది, నాకు నచ్చలేదు. ఇద్దరికీ నచ్చనిది పాస్‌పోర్టుల సంగతి. వియత్నాంలో విదేశీయులు ఎక్కడ దిగినా ఆ వివరాలు పోలీసులకు పంపాలి కాబట్టి పాస్‌పోర్టు చూపించక తప్పదు. అంతవరకు సరే. ఖాళీ చేసేదాకా మా దగ్గరే ఉంచుతామంటేనే చిక్కు. గట్టిగా అడిగాక, మొత్తం అద్దె ముందే కట్టించుకుని ఇచ్చారు. తర్వాత సెయింట్ జోసెఫ్ చర్చి వైపు ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారితే, ఫొటో తీసుకుని నిమిషంలో చేతికిచ్చేశారు.

గది బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందో లేదో తప్పకుండా చూడండి. పాతబస్తీ ఇళ్ళకు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. చవగ్గా కనిపించే గది చాలాసార్లు ఆ లోతులో ఎక్కడో ఉంటుంది, తెల్లారిందో లేదో ఫోన్ చూసి తెలుసుకోవాలి. లిఫ్ట్ లేని ఇళ్ళూ ఎక్కువే. బరువైన బ్యాగుతో ఐదో అంతస్తుకి ఎక్కడం మావాడికి వ్యాయామం, నాకు శిక్ష.

మన పాస్‌పోర్టుకి ఈ-వీసా కావాలి. ఒకసారి వెళ్ళొచ్చే రకానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టు నుంచి నారింజ రంగు 86 నంబరు బస్సు 45,000 డాంగులకు (అక్కడి డబ్బు) ఊళ్ళోకి చేరుస్తుంది. మా యాత్రలో పెట్టిన డబ్బుకి ఇంత న్యాయం చేసిన సర్వీసు ఇంకోటి లేదు. సామాను పెట్టుకోవడానికి చోటుంది, హువాన్ కియెమ్ సరస్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో దింపుతుంది.

సుమారు 300 డాంగులు ఒక రూపాయి. లెక్క త్వరగానే అలవాటవుతుంది, నోట్లే కాస్త ఇబ్బంది. 20,000 నోటు నీలం, 500,000 నోటూ నీలమే. సాయంత్రం మసక వెలుతురులో రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకే మేం పెద్ద నోట్లు వేరే పర్సులో పెట్టుకున్నాం.

ఇక రోడ్డు దాటడం. బైకులు వాగు పొంగినట్టు వస్తాయి, ఆగవు. మనమూ ఆగకూడదు. నెమ్మదిగా, ఒకే వేగంతో నడుస్తూ పోతే వాళ్ళే పక్కల నుంచి తప్పుకుని వెళ్ళిపోతారు. మధ్యలో భయపడి వెనక్కి అడుగేస్తేనే ప్రమాదం. అయితే బస్సులకూ కార్లకూ ఈ సూత్రం వర్తించదు, వాటికి దారి ఇవ్వాల్సిందే. దూరం వెళ్ళాలంటే గ్రాబ్ యాప్‌లో బైకు పిలిస్తే చాలు. హెల్మెట్ వాళ్ళే ఇస్తారు, రేటు ముందే తెలుస్తుంది, బేరమాడే పనుండదు. రోడ్డు మీద సైకిల్ రిక్షా ఎక్కితే మాత్రం చెప్పిన రేటు ఇద్దరికా, ఒక్కరికా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

చూడదగ్గవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది టికెట్ లేనిదే: పాతబస్తీ వీధులు. ఒక్కో వీధిలో ఒక్కో సరుకు అమ్మే పాత పద్ధతి కొన్నిచోట్ల ఇంకా బతికే ఉంది. హాంగ్ థియెక్‌లో రేకులు కొట్టే చప్పుడు వీధి మలుపు తిరగకముందే వినిపిస్తుంది. లాన్ ఓంగ్‌లో ఎండిన వేర్లు, మూలికల వాసన. హాంగ్ మా అంతా పూజల కాగితాలు, లాంతర్లు. పొద్దున ఏడులోపు తిరిగితే ఇవన్నీ తాపీగా చూడొచ్చు. తర్వాత ఫుట్‌పాత్ మీద బైకులూ చిన్న స్టూళ్ళే ఉంటాయి, నడవడానికి మనకు మిగిలేది రోడ్డే. వారాంతం అయితే సరస్సు చుట్టూ బళ్ళు ఆపేస్తారు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా నడిచేవాళ్ళదే రాజ్యం.

టికెట్ కొన్నవాటిలో హువా లో జైలుకి నా మొదటి ఓటు. 1896లో ఫ్రెంచివాళ్ళు కట్టారు. వియత్నాం విప్లవకారులను ఇక్కడే బంధించారు, ఆ తర్వాత యుద్ధంలో పట్టుబడ్డ అమెరికన్ పైలట్లను కూడా. చాలా భాగం 1990లలో కూల్చేసి పెద్ద భవనాలు కట్టేశారు, మిగిలింది చిన్న ముక్కే. అయినా ఆడియో గైడ్ తీసుకుంటే రెండు గంటలు తెలియకుండా గడుస్తాయి. ఫ్రెంచి కాలం గురించి వివరంగా, అమెరికన్ ఖైదీల గురించి అంతా సవ్యంగా ఉన్నట్టు చెబుతారు. ఆ తేడా గమనిస్తూ చూడండి.

సాహిత్య మందిరం అనే కన్ఫ్యూషియస్ గుడి 1070 నాటిది. తాబేళ్ళ వీపు మీద నిలబెట్టిన 82 రాతి పలకల మీద రాజుల కాలపు పరీక్షలు నెగ్గిన పండితుల పేర్లు చెక్కి ఉన్నాయి. చోటు అందమైనదే, కానీ టూర్ గుంపులతో కిటకిటలాడుతుంది. వియత్నాం స్వాతంత్ర్య నాయకుడు హో చి మిన్ సమాధి సోమ, శుక్రవారాలు మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో పొద్దున పూటే. నిక్కర్లతో వెళ్తే రానివ్వరు. లోపల నిలబడనివ్వరు, నడుస్తూనే చూడాలి. తనను దహనం చేయమని వీలునామాలో రాసుకున్న మనిషిని అలా అద్దాల పెట్టెలో చూడటం నాకు ఇబ్బందిగానే అనిపించింది. మావాడు మాత్రం బాదిన్ మైదానంలో 1945లో స్వాతంత్ర్యం ప్రకటించిన చోట చాలాసేపు నిలబడ్డాడు.

ఇళ్ళను ఆనుకుని రైలు వెళ్ళే సందు, అదే రైలు వీధి కోసం ప్రత్యేకంగా వెళ్ళాల్సిన పని లేదని నా అభిప్రాయం. భద్రత పేరుతో అధికారులు అడ్డుకట్టలు పెడుతుంటారు, కాఫీ షాపు వాళ్ళు వచ్చి లోపలికి తీసుకెళ్తుంటారు. ఆ మోజుకి బదులు లాంగ్ బియెన్ వంతెన ఎక్కండి. 1902 నాటి ఇనుప వంతెన. అమెరికన్ బాంబులకు దెబ్బతిని మళ్ళీ నిలబడింది. మధ్యలో రైలు, ఇరువైపులా బైకులు. దేశమంతా బళ్ళు కుడివైపు నడిస్తే ఇక్కడ మాత్రం ఎడమవైపు. పక్కన సన్నటి నడకదారిలో పలకల సందుల్లోంచి ఎర్ర నది కనిపిస్తుంటుంది. నాకు కాళ్ళు వణికాయి గానీ మళ్ళీ వెళ్తాను.

తిండి దగ్గర మావాడు శాకాహారి కావడంతో మొదట టెన్షన్ పడ్డాం. కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది కాబట్టి మామూలు హోటల్లో మాంసం వద్దని చెబితే సరిపోదు. బోర్డు మీద "చాయ్" (chay, మన టీ కాదు, వాళ్ళ భాషలో శాకాహారం) అని ఉన్న హోటళ్ళు పూర్తి శాకాహారం, అవి పాతబస్తీలోనే చాలా ఉన్నాయి. టోఫు, పుట్టగొడుగులు, అన్నంతో కడుపు నిండా తిన్నాడు. నేను ఫో (మాంసం నూడుల్స్ సూప్), బున్ చా (కాల్చిన పంది మాంసంతో నూడుల్స్) దాకా వెళ్ళాను. గుడ్డు కాఫీ 1946లో పాల కొరత రోజుల్లో పుట్టిందట. వేడిగా తాగితే బాగుంటుంది, చల్లారితే గుడ్డు వాసన తేలుతుంది.

చిల్లర మోసాలు సరస్సు చుట్టుపక్కలే ఎక్కువ. పళ్ళ కావడి మన భుజాన పెట్టి ఫొటో తీసుకోమని, తర్వాత డబ్బులడుగుతారు. ఇంకొకరు వంగి మన చెప్పుకి జిగురు రాయడం మొదలుపెడతారు. రెండింటికీ ఒకటే మందు, ఆగకుండా నడవడం.

తిరుగు ఫ్లైట్ తెల్లవారుజామున ఉంటే ఆ వేళకు 86 బస్సు దొరకదు. మేం ముందురోజే గెస్ట్‌హౌస్ ఆవిడకు చెబితే కారు మాట్లాడి పెట్టింది. యాప్‌లో చూపించిన రేటుకి కాస్త ఎక్కువే, కానీ డ్రైవరు చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చి తలుపు తట్టాడు.