సీడ్ బాల్సా, చెత్త ఏరడమా, మ్యాప్ వేటా: ప్రకృతిలో జట్ల పోటీకి ఏది మేలు?

ఆఫీసులోనో కాలేజీలోనో ‘ఈసారి క్రికెట్ వద్దు, అడవి పక్కన ఏదైనా పెడదాం, పర్యావరణానికి పనికొచ్చేలా ఉండాలి’ అనగానే ముందుకొచ్చే ఆటలు దాదాపు ఎప్పుడూ ఇవే: మట్టిలో గింజలు చుట్టిన సీడ్ బాల్స్ విసరడం, పరుగెడుతూ చెత్త ఏరే ప్లాగింగ్, మొక్కలనూ పిట్టలనూ గుర్తుపట్టి లెక్కపెట్టడం, మ్యాప్, కంపాస్ పట్టుకుని గుర్తులు వెతికే ఓరియంటీరింగ్. పేరు వింటే నాలుగూ పచ్చగానే ఉంటాయి. మార్కులు వేయడం మొదలుపెట్టాక తేడాలు బయటపడతాయి. దేనికి మార్కులిస్తే జట్లు దాన్నే పోగేస్తాయి, ఆ పోగేసేది అడవికి పనికొస్తుందా లేదా అన్నదే చూడాలి.

లెక్కలు గాలిలో ఉండకుండా ఒక చోటు అనుకుందాం. హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, మూసీ పుట్టే వికారాబాద్ అనంతగిరి కొండలు. 12 జట్లు, జట్టుకు నలుగురు, మొత్తం 48 మంది. 60 కాదు, 48 ఎందుకంటే అందరూ ఒకే పెద్ద బస్సులో పడతారు. రానూపోనూ 150 కిలోమీటర్లు. బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లే ఇచ్చినా 38 లీటర్ల డీజిల్‌తో సరిపోతుంది. అదే జనం 14 కార్లలో వస్తే, కారు లీటరుకు 15 ఇచ్చినా 140 లీటర్లు. పోటీలో ఎన్ని మొక్కలు నాటినా ఈ తేడాను ఆ రోజుకు పూడ్చలేరు. ఏర్పాట్లు చూసే ఏడెనిమిది మంది ముందురోజు రైల్లో వికారాబాద్ చేరి, స్టేషన్ నుంచి ఆటోలో కొండెక్కితే ఇంకా మంచిది. పొద్దున్నే గుర్తులు పెట్టాల్సింది వాళ్లే కదా.

సీడ్ బాల్స్: ఫొటోకు బాగుంటుంది, పోటీకి కాదు

ముందు దీన్నే పక్కన పెట్టాలి. ఎర్రమట్టి ఐదు పాళ్లు, జల్లించిన పశువుల ఎరువు మూడు పాళ్లు, విత్తనం ఒక పాలు కలిపి, రెండు మూడు సెంటీమీటర్ల ఉండలు చేసి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. తయారీ తేలికే. చిక్కంతా కాలంతో. జట్లు హాయిగా పరుగెత్తగల కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి. విత్తనానికి కావలసింది జూన్, జులైలలో రెండు మంచి వానలు పడ్డ తర్వాతి నేల. డిసెంబర్‌లో విసిరిన ఉండ ఆరు నెలలు ఎండలో పడి ఉంటుంది. ఈలోగా చీమలు, ఎలుకలు దాని పని పడతాయి. వేప గింజయితే అంతకాలం ఆగదు, కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. రేల, తుమ్మ లాంటి గట్టి తోలు గింజలను వేడినీటిలో నానబెట్టకుండా ఉండ చుడితే వాన పడినా చాలామటుకు నిద్రలోనే ఉంటాయి. పోనీ జూన్‌లోనే పోటీ పెడదామంటే అనంతగిరి ఎర్రమట్టి వాలు తడిస్తే కాలు నిలవదు.

మార్కుల సంగతి ఇంకా అధ్వానం. ఎన్ని విసిరారన్నదే లెక్క కాబట్టి జట్లు ఒకేచోట నిలబడి గంపలు ఖాళీ చేస్తాయి. ఎన్ని మొలిచాయో ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేరు. పైగా అనంతగిరి ఇప్పటికే అడవి, అక్కడ కొత్తగా గింజలు చల్లాల్సిన పని లేదు. గడ్డి మైదానంలో చల్లితే నష్టమే, ఎందుకంటే అక్కడ బతికే పిట్టలకూ కుందేళ్లకూ కావలసింది గడ్డి, చెట్టు కాదు. ‘త్వరగా పెరుగుతుంది’ అని ఎవరైనా సుబాబుల్ గింజలు తెస్తే వెనక్కి పంపండి. ఎక్కడ పడితే అక్కడ మొలిచి పక్క మొక్కను బతకనివ్వదు. సర్కారు తుమ్మ చేసిన నిర్వాకం పల్లెల్లో అందరూ చూస్తున్నదే.

ప్లాగింగ్: తూకం వేస్తే రాళ్లొస్తాయి

జాగింగ్‌తో చెత్త ఏరడం కలిపిన ఈ ఆట స్వీడన్ నుంచి వచ్చింది. ‘ఏరడం’ అనే స్వీడిష్ మాటకు జాగింగ్ తోక తగిలించారు. ఇది నిజంగా ఉపయోగం ఉన్న పని, అందులో సందేహం లేదు. అయితే అందరూ చేసే తప్పు ఒకటుంది: బస్తాను కాటాకు తగిలించి, ఎక్కువ బరువు తెచ్చిన జట్టును గెలిపించడం. ఒక తడి గోనెసంచి రెండు కిలోలు తూగుతుంది. ఖాళీ చిప్స్ ప్యాకెట్ మూడు నాలుగు గ్రాములే. అంటే ఆ సంచి ఒక్కటీ అయిదొందల ప్యాకెట్లకు సమానం. మరి ఏ జట్టు వంగి వంగి ప్యాకెట్లు ఏరుతుంది? కాటా దగ్గరికి వచ్చేవి తడిబట్టలు, పాత చెప్పులు, అడుగున దాచిన రాళ్లు. అడవిని అసలు పీడించే గుట్కా సాషేలు, షాంపూ ప్యాకెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అందుకని బరువు వదిలి, రకం ప్రకారం లెక్కపెట్టండి. పలుచని ప్యాకెట్లు 50కి 10 మార్కులు, నీళ్ల సీసాలు 10కి 5, పగలని గాజు సీసా ఒకటికి 1. వేరుచేయని బస్తాకు సున్నా. పగిలిన గాజు, సూదులు, సిరంజిలు ఎవరూ ముట్టకూడదు. చోటు చూపించి నిర్వాహకులను పిలిచిన జట్టుకు 5 మార్కులు. ఈ ఒక్క నియమంతో చేతులు తెగే ప్రమాదం చాలా తగ్గుతుంది, ఎందుకంటే ముట్టకపోవడానికే మార్కులు దొరుకుతున్నాయి.

జట్టుకు మూడు పాత బియ్యం సంచులు, అంటే 36. ఇందుకోసం కొత్త నల్ల ప్లాస్టిక్ కవర్లు కొంటే నవ్వులపాలే. అరచేతి వైపు రబ్బరు పూసిన నూలు గ్లవ్స్ 48 జతలు తీసుకోండి. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. పొడుగాటి కర్ర జట్టుకొకటి ఉండాలి. చెత్తకుప్పలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపాలి, అడుగున తేలో పామో ఉండొచ్చు. 40 నిమిషాలకు మించి ఆడించకండి, ఆ తర్వాత వంగేవాళ్లు ఉండరు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి, ఆ బస్తాలు ఎక్కడికి పోతాయన్నది. సీసాలను పాత సామాన్ల దుకాణం తీసుకుంటుంది, సాషేలను తీసుకోదు. వారం ముందే మున్సిపాలిటీ పారిశుధ్య సిబ్బందితో మాట్లాడి, బండి ఏ వేళకు ఎక్కడికి వస్తుందో ఖాయం చేసుకోకపోతే బస్తాలు రోడ్డు పక్కన మిగులుతాయి. అనంతగిరి కోతులు సాయంత్రంలోగా వాటిని చించి చెత్తనంతా మళ్లీ కొండకే పంచిపెడతాయి.

జీవజాతుల లెక్క: నెమ్మదైన ఆట, తగాదాల ఆట

దీనికి కావలసింది ఫొటో చూసి జీవి పేరు చెప్పే ఐనాచురలిస్ట్ యాప్ ఉన్న ఫోను, జట్టుకు ఒక్కటే. నాలుగు ఫోన్లతో తీస్తే ఒకే రేల చెట్టు నాలుగుసార్లు లెక్కకొస్తుంది. గంటసేపు బాట వదలకుండా నడిచి, కనిపించిన ప్రతి రకానికీ ఫొటో తీయాలి. ఫొటోల సంఖ్యకు కాదు, వేరువేరు రకాలకే మార్కు. తెలుగు పేరు సరిగ్గా చెబితే ఇంకో మార్కు. ఇది చిన్నదిగా కనిపిస్తుంది కానీ మోదుగకూ కానుగకూ తేడా తెలిసిన పల్లెటూరి కుర్రాడు ఒక్కసారిగా జట్టుకు నాయకుడవుతాడు. ఆకు తెంపినా, రాయి ఎత్తినా, గూడు దగ్గరికి వెళ్లినా 10 మార్కులు కోత.

దీని ఇబ్బంది తీర్పులో ఉంది. యాప్ చెప్పే పేరు మొదటి అంచనా మాత్రమే. దాన్ని మిగతా వాడకందారులు ధ్రువీకరించాలి, అది మధ్యాహ్న భోజనం లోపు జరిగే పని కాదు. అందుకని వృక్షశాస్త్రం తెలిసిన లెక్చరరు ఒకరు, పక్షులు తెలిసినవారు ఒకరు కూర్చుని 12 జట్ల ఫొటోలు చూడాలి. జట్టుకు 40 ఫొటోలు అనుకున్నా 480. గంటన్నర పడుతుంది. అందుకే జట్టుకు 25 ఫొటోల పరిమితి పెట్టండి, మంచివి ఏరుకునే పని జట్లకే అంటగట్టినట్టవుతుంది. దేవాలయం దగ్గర నాటిన పూలమొక్కలను అడవి మొక్కలుగా ఎక్కించకుండా, యాప్‌లో పెంచిన మొక్క అని గుర్తు పెట్టించడం మరవకండి.

పిట్టల లెక్కే ప్రధానమైతే కొండ కన్నా చెరువు మేలు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు నగరం అంచునే ఉంది. కాకపోతే అక్కడ పరుగు పోటీ మాట ఎత్తకండి. కట్ట మీద 48 మంది ఉరికితే లెక్కపెట్టడానికి పిట్ట మిగలదు.

మ్యాప్ వేట: ఎక్కువ మార్కులు దీనికే

ఓరియంటీరింగ్‌ను ముందు పెట్టడానికి కారణం ఒకటే. ఇక్కడ జట్టుకు మార్కులు తెచ్చేది నిర్ణయం. దేన్నీ తెంపక్కర్లేదు, విసరక్కర్లేదు, మోయక్కర్లేదు. కొత్తవాళ్లకు అన్ని గుర్తులూ వరసగా తిరిగే పద్ధతి కన్నా, ఇచ్చిన సమయంలో వీలైనన్ని వెతికే స్కోర్ పద్ధతి నయం. 15 గుర్తులు, దగ్గరివాటికి 10, మధ్యవి 20, దూరానివి 30. సమయం 90 నిమిషాలు. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ 10 కోత. ఈ కోత మెత్తగా ఉంటే జట్లు చీకటి పడేదాకా తిరుగుతాయి, కాబట్టి తగ్గించకండి.

మ్యాప్ 1:5,000 కొలతలో ఉంటే ఒక సెంటీమీటరు 50 మీటర్లు. ఏ4 కాగితం మీద అంచులు పోగా 18 × 26 సెంటీమీటర్లు మిగిలితే 900 మీటర్లు, 1,300 మీటర్ల చోటు పడుతుంది. గంటన్నరకు అది చాలు. 1:50,000 టోపో షీటు పనికిరాదు, ఇదే చోటు అందులో రెండు సెంటీమీటర్ల ముక్క అవుతుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మీద బాటలు, బావులు, రాతి మండపాలు, పెద్ద బండలు చేర్చి, ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీసుకోవచ్చు. గీసినాయన ఒకసారి, అతనికి సంబంధం లేని ఇంకొకరు మరోసారి ఆ మ్యాప్‌తోనే నడిచి చూడాలి. ఈ రెండో నడక ఎగ్గొట్టిన చోటే ‘ఏడో గుర్తు అక్కడ లేదు’ అనే గొడవ వస్తుంది.

కంపాస్ జట్టుకొకటి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగానే ఉంటుంది. ఒక డిగ్రీ తప్పితే 500 మీటర్ల దూరంలో తొమ్మిది మీటర్లే పక్కకు పోతారు, పట్టించుకోనక్కర్లేదు. అసలు తప్పు జరిగేది ఇనుప కంచె పక్కనో, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు మీదో కంపాస్ పెట్టి చూసినప్పుడు.

గుర్తులుగా నారింజ, తెలుపు రంగుల జెండాలు పెట్టడం ఆనవాయితీ. అడవిలో ఆ జెండాలకు కోతులు ఊరుకోవు. దానికన్నా ప్రశ్న గుర్తులు మేలు: ‘మండపానికి ఎన్ని స్తంభాలు?’, ‘బావిలోకి దిగే మెట్లు ఎన్ని?’, ‘ఈ మలుపులో ఉన్న పెద్ద చెట్టు ఏది?’. అక్కడికి వెళ్తే తప్ప జవాబు దొరకదు, వదిలివచ్చేదేమీ ఉండదు. 15లో ఐదు ప్రశ్నలు చెట్టు, పిట్ట, రాయి గురించి పెడితే పై ఆటలోని సారం ఇక్కడే కలుస్తుంది, గంటన్నర ఫొటోల తీర్పు తప్పుతుంది. తప్పనిసరిగా ఏదైనా కట్టాల్సి వస్తే పాత నూలు గుడ్డ పీలికలు, జనపతాడు వాడండి. మేకులు, పెయింటు, ప్లాస్టిక్ టేపు వద్దు.

గుర్తులన్నీ ఇప్పటికే ఉన్న బాటకు అటూ ఇటూ ఐదు మీటర్ల లోపే ఉండాలి. వాగు గట్టు మీద, నిటారు వాలు మీద పెడితే 12 జట్లు ఒకే రోజులో కొత్త దారి తొక్కేస్తాయి, వచ్చే వానకు ఆ దారే కోతకు గురవుతుంది. కొండతేనెటీగల పట్టున్న చెట్లను, బండలను ముందురోజే చూసి మ్యాప్‌లో ఎర్రగీతలు కొట్టండి. ఇలాంటి కొండల్లో పాము కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇవే. డ్రోన్ ఎగరేయడం, పొగ పెట్టడం అసలు వద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. కదలనివ్వకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని మ్యాప్ వెనక రాయండి.

అనుమతి విషయంలో ఒక్కమాట. రిజర్వు అడవిలో బాట మీద నడవడానికైనా నెల ముందే జిల్లా అటవీ అధికారికి జనసంఖ్య, వేళలు, మ్యాప్ జతచేసి అర్జీ పెట్టండి. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు నేషనల్ పార్కు, పోటీకి దాన్ని తలచుకోకపోవడమే మంచిది. అనుమతుల తిప్పలు వద్దనుకునే కొత్త నిర్వాహకులు మొదటిసారి చెట్లున్న కాలేజీ ఆవరణలో ఆడించి చూడొచ్చు.

తిండి, నీళ్లు, బ్యానర్లు

చలికాలంలో పొద్దున 7 నుంచి 11 దాకా మనిషికి మూడు లీటర్ల నీళ్లు వేసుకుంటే ఏర్పాట్లు చూసేవాళ్లతో కలిపి 56 మందికి 168 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు తొమ్మిది. గ్లాసు ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. కాగితం కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, దాన్ని పచ్చదనం ఖాతాలో వేయకండి. ఇస్తరాకుల్లోనూ ఇప్పుడు ప్లాస్టిక్ పొర అంటించినవి వస్తున్నాయి, కొనేటప్పుడు చివర చించి చూడండి. అద్దె స్టీలు పళ్లేలు దొరికితే వాటికి మించింది లేదు, కానీ కడిగేది కొండ మీద కాదు, ఊళ్లోకి తెచ్చాక. పులిహోర, దద్దోజనం చాలు. అరటితొక్కలతో సహా అంతా మూత బిగిసే డబ్బాలో కిందికి రావాలి.

100 మైక్రాన్లలోపు మందం ఉన్న పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఆ కొలత దాటిన ఫ్లెక్సీ వెతకడం కన్నా, ఏ సంవత్సరమో రాయకుండా గుడ్డ బ్యానరు ఒకటి కుట్టిస్తే పదేళ్లు వస్తుంది. టీషర్టులు వద్దు. 12 రంగుల గుడ్డ పట్టీలు చేతికి కడితే జట్లు తెలిసిపోతాయి.

కాబట్టి వరస ఇది: 7 గంటలకు మ్యాప్ వేట, 8.30కు ఆఖరి జట్టు, టిఫిన్ లోపు లెక్కలు. ఆ తర్వాత 40 నిమిషాలు పార్కింగు, రోడ్డు పక్కన ప్లాగింగ్, దీని మార్కులు మొత్తంలో నాలుగో వంతు దాటకుండా. మార్కులు సమమైతే తక్కువ గుర్తులు తిరిగి అవే మార్కులు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. కట్టిన పీలికలు ఎన్నో, విప్పినవి ఎన్నో రెండూ ఒకే కాగితం మీద రాసుకుని, అంకెలు కలిశాకే బస్సు కదలాలి.