టైమరుకి డిస్టింక్షన్, డ్రిప్పర్లకి అత్తెసరు మార్కులు

విజయవాడలో మేడ మీద పదిహేను అంగుళాల గ్రో బ్యాగులు పన్నెండు, వాటికి బోరు నీళ్ల ట్యాంకు నుంచి కుళాయి టైమరుతో డ్రిప్ కిట్టు. ఒక్కో బ్యాగులోకి నీళ్లని కొద్దికొద్దిగా వదిలే బుల్లి మూతలే డ్రిప్పర్లు. మూడు సీజన్లు టమాటాకి వాడాక రాస్తున్నది ఇది. బెండ, వంగ ఒకపూట నీళ్లు తప్పినా సర్దుకుంటాయి, టమాటా సర్దుకోదు.

ముందు టైమరు. లోపల బాల్ వాల్వు, అంటే రంధ్రమున్న గుండు తిరిగి దారి తెరిచే రకమే తీసుకోవాలి. సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతంతో పనిచేసే) రకం తెరుచుకోవాలంటే నీళ్లకి ఒత్తిడి కావాలి. మేడ మీది ట్యాంకు నుంచి ఐదడుగులు కిందికి దిగే నీళ్లకి ఉండే ఒత్తిడి 0.15 బారే (బారు అంటే ఒత్తిడి కొలత), సోలినాయిడ్‌కి అది చాలదు. బాల్ వాల్వుకి ఒత్తిడితో పనిలేదు, చిన్న మోటారే తిప్పుతుంది. పొద్దున 6కి అరగంట, సాయంత్రం 5కి పావుగంట అని పెడితే మూడేళ్లలో ఒక్క పూట తప్పలేదు. మధ్యాహ్నం మాత్రం పెట్టకండి, పైపులో కాగిన నీళ్లు వేరు మీద పడతాయి.

టైమరు తప్పలేదు గానీ రెండో సీజన్‌లో, జనవరి మొదట్లో, లైను చివర ఉన్న నాలుగు బ్యాగుల్లో కాయ అడుగున నల్లమచ్చ మొదలైంది. నిమ్మకాయంత సైజుకి రాగానే అడుగు నీరుకారినట్టయి, వారంలో నల్లగా చర్మంలా అణిగిపోతుంది. ఇది తెగులు కాదు, మందు కొడితే పోదు. కాయ కొసకి కాల్షియం అందకపోవడం. కాల్షియం నీళ్లతోపాటే పైకి పోతుంది, అదీ ముందు ఆకులకి. నీళ్లు కాస్త తగ్గినా మొదట నష్టపోయేది కాయ కొసే. కోడిగుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి అవి అక్కరకు రావు. ఆకు లేతగా ఉందని చిటికెడు యూరియా వేస్తే ఇంకా చేటు, అందులోంచి వచ్చే అమ్మోనియం కాల్షియాన్ని వేరు దగ్గరే అడ్డుకుంటుంది.

నీళ్లు తగ్గిన సంగతి పైకి తెలియదు. టైమరు లైటు వెలుగుతుంది, వాల్వు తిరిగిన చప్పుడు వస్తుంది, బ్యాగు పైమట్టి తడిగానే కనబడుతుంది. వేలు రెండో కణుపు దాకా దించితే పొడి. డ్రిప్పర్ కింద లీటరు చెంబు పెట్టి పది నిమిషాలు పట్టి చూడాలి. డబ్బా మీద గంటకి 8 లీటర్లు అని ఉంటుంది, అది 1 బారు ఒత్తిడి లెక్క. మన ట్యాంకు ఒత్తిడికి గంటకి 3 లీటర్లు వస్తే గొప్ప, అంటే పది నిమిషాలకి అరలీటరు. మొదటి బ్యాగు దగ్గర అంతా వచ్చింది. చివరి నాలుగింటి దగ్గర చెంబు అడుగు కూడా తడవలేదు. డ్రిప్పర్ కప్పు తిప్పి తీస్తే లోపల తెల్లటి గార. ఆ గార ఏమిటనుకున్నారు? సున్నం. నీళ్ల నిండా కాల్షియమే, అదే గడ్డకట్టి దారి మూసేసి, కాయకి కాల్షియం కరవు తెచ్చింది!

కిట్టుతో ఇచ్చిన 120 మెష్ (సన్న జాలీ) ఫిల్టరు ఇసకని ఆపుతుంది గానీ కరిగి ఉన్న ఉప్పుని ఆపలేదు. డ్రిప్పర్లు ఊడదీసి, లీటరు నీళ్లకి 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానేయాలి. బుడగలు వస్తే గార కరుగుతున్నట్టే. పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లలో కడిగి బిగించాలి. గుండుసూదితో పొడవకండి, రంధ్రం వెడల్పై ఆ ఒక్క బ్యాగే నీళ్లు లాగేస్తుంది. పదిహేను రోజులకోసారి 16 మి.మీ. లైను చివర మూత తీసి రెండు నిమిషాలు నీళ్లు వదిలేయాలి, మడ్డి చేరేది అక్కడే. మచ్చపడ్డ కాయలు బాగుపడవు, తెంపేయండి. కొత్త పిందెలు రెండు వారాల్లో శుభ్రంగా వస్తాయి. కిట్టులోని తెల్లటి సన్న ట్యూబు తీసేసి నల్లది వేసుకోండి, తెల్లదాంట్లో వెలుతురు దూరి పాచి పడుతుంది.

టైమరుని ఇందాక మెచ్చుకున్నాను కదా, దానికీ ఓ మాట ఉంది. నీళ్లు పారుతుండగా బ్యాటరీలు అయిపోతే వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది, ట్యాంకు ఖాళీ. కార్తీకం దాటాక కొత్తవి వేసేస్తే సీజనంతా గడుస్తుంది. వానకూడా దానికి తెలీదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి ముసురులో చేత్తో ఆపకపోతే, మాగిన కాయ నిలువునా పగులుతుంది.

మిగతా జబ్బులకి ఈ కిట్టుని తిట్టి లాభం లేదు. ఏప్రిల్‌లో పూత రాలితే అది ఎండ పని. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, నీళ్లెంత పోసినా పిందె కట్టదు. ఆకు ముడుచుకుని మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చిన వైరస్, ఆ మొక్క పీకేయడమే. తడి ఉన్నా పొద్దున్నే వాడి ఉంటే కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో వేలాడదీయండి. పాలలాంటి దారం దిగితే బాక్టీరియా ఎండు తెగులు, ఆ మట్టిలో మళ్లీ టమాటా, వంగ, మిరప వేయొద్దు.

ట్యాంకులోకి మున్సిపాలిటీ కృష్ణ నీళ్లు ఎక్కే ఇళ్లలో డ్రిప్పర్లకి ఇంత గార పట్టకపోవచ్చు, వాళ్ల మార్కులు వేరుగా ఉంటాయి. ఆరు బ్యాగుల లోపైతే ఈ ఖర్చు దండగ, చెంబు చాలు. పన్నెండు బ్యాగులు, బోరు నీళ్లు, సరిగ్గా కాపు మీదుండగా సంక్రాంతికి నాలుగు రోజులు ఊరు: ఈ మూడూ ఉన్నాయి కాబట్టి మా మేడ మీద కిట్టు ఉంటుంది. ఊరికి బయల్దేరే ముందురోజు మాత్రం చెంబు పట్టుకుని పన్నెండు డ్రిప్పర్లూ చూడాల్సిందే.