బోస్టిక్ 2402 జిగురు: హైపలాన్ బోటుకు భేష్, పీవీసీకి దండగ

వరదలప్పుడు వార్తల్లో అన్నిటినీ 'రబ్బరు బోట్లు' అనే అంటారు గానీ, అతికించేవాళ్లకు అవి రెండు జాతులు: హైపలాన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి, పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. బోస్టిక్ 2402 మొదటి జాతికి పనికొచ్చే నియోప్రీన్ (ఇదీ ఒక కృత్రిమ రబ్బరే) జిగురు. దాంట్లో బోస్టిక్యూర్ డి అనే హార్డెనర్ (జిగురును గట్టిపరిచే ద్రవం) కలిపి వాడాలి.

దీన్ని పీవీసీ మీద పూసినా మొదట్లో బాగానే పట్టినట్టుంటుంది. కానీ పీవీసీని మెత్తగా ఉంచే ద్రవం మెల్లగా జిగురులోకి దిగి దాన్ని నాన్చేస్తుంది, ఎండ తగిలేసరికి ప్యాచ్ జారుతుంది. పీవీసీకి పాలీయురెథేన్ జిగురే వాడాలి. బోటు ఏ రకమో తేలకపోతే కనపడని మూలలో ఎంఈకే అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం)తో తడిపిన గుడ్డతో రుద్ది చూడండి: పీవీసీ అయితే జిగటెక్కుతుంది, హైపలాన్ ఎక్కదు. డ్యూపాంట్ 2010లోనే హైపలాన్ తయారీ ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో తిరిగేది ఇతరులు చేసే అదే రకం రబ్బరు (సీఎస్ఎం), దానికీ ఇదే జిగురు.

చిల్లు చుట్టూ అన్ని వైపులా 5 సెంటీమీటర్లు మిగిలేలా, మూలలు గుండ్రంగా ప్యాచ్ కత్తిరించాలి. ప్యాచ్ అడుగు, బోటు మీద అది పడే చోటు, ఈ రెండు ముఖాలనూ నునుపు పోయేదాకా శాండ్ పేపర్‌తో గీరాలి, లోపలి దారం మాత్రం బయటపడకూడదు. తర్వాత టోలీన్ అనే సాల్వెంట్‌తో తుడవాలి. 15 సెంటీమీటర్ల ప్యాచ్‌కు 20 గ్రాముల జిగురు చాలు. హార్డెనర్ పాళ్లు డబ్బా మీద చూసి గ్రాముల త్రాసులో తూచండి, కంటి అంచనా వద్దు. ఎక్కువైతే అతుకు పెళుసెక్కుతుంది, తక్కువైతే ఎండకు మెత్తబడుతుంది. వేసే చోట గాలి ఆడాలి, దరిదాపుల్లో బీడీ వెలగకూడదు.

రెండు ముఖాలకూ పల్చగా మూడు పూతలు వేయాలి. మొదటి రెండూ పూర్తిగా ఆరాలి. మూడోది వేలి కణుపుతో తాకితే జిగటగా తగలాలి గానీ జిగురు వేలికి రాకూడదు, ప్యాచ్ వేయాల్సింది అప్పుడే. నడుమ నుంచి అంచులకు రోలర్‌తో గట్టిగా నొక్కాలి. 24 గంటల దాకా గాలి కొట్టొద్దు, పూర్తి ప్రెషర్‌కు మూడు రోజులు ఆగితే మంచిది.

అతుకులు ఊడటానికి ఎక్కువగా తేమే కారణం. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని నీరు దాని మీద చేరుతుంది. పక్కనుంచి చూస్తే పాలమీగడలాంటి తెల్లటి మసక కనిపిస్తుంది. దాని మీద ప్యాచ్ వేస్తే ఒక్క లాగుకు తొక్కలా వచ్చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో వానాకాలం ఈ పని ఏసీ గదిలో పెట్టుకోవడమే నయం. మసక పడితే ఆ పూత తుడిచేసి మళ్లీ వేయాలి.

బోటు మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టే అలవాటుంటే మానండి, ఆ పొర ఉంటే ఏ జిగురూ నిలవదు.

తిప్పలంతా హార్డెనర్‌తోనే. మూత తీశాక గాలిలో తేమ తాగి మసకబారి గడ్డకడుతుంది. డబ్బాలో జిగురు ఎంత తాజాగా ఉన్నా, ఆ సీసా పారేసి కొత్తది తెచ్చుకోవాల్సిందే.